పరుపు దులిపినవాడు

ఆ ఎండాకాలం నేను రోజూ పొద్దున్నే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పార్కులో చేతులు పైకెత్తి నవ్వేవాణ్ణి. నవ్వొచ్చి కాదు. మునినారాయణప్ప విజిల్ వేస్తాడు గనక. ఒక విజిల్‌కి మొదలుపెట్టాలి, ఇంకో విజిల్‌కి ఆపాలి. ముందే ఆపినవాణ్ణి ఆయన వేలెత్తి చూపించేవాడు. విజిల్ పడ్డాక కూడా నవ్వినవాణ్ణి ఇంకా గట్టిగా చూపించేవాడు.

తొంభై తొమ్మిదో సంవత్సరం. లేఅవుట్‌లో అప్పటికింకా ఇళ్ళకంటే ఖాళీ సైట్లే ఎక్కువ. ఉన్న ఇళ్ళలో రిటైరైన పెద్దలు, పెద్ద ఉద్యోగాల్లో నిద్ర చెడిన నడివయసువాళ్ళు కలిసి ఒక నవ్వుల సంఘం పెట్టుకున్నారు. మునినారాయణప్ప దానికి గురువు. నవ్వులకు పేర్లుండేవి. మజ్జిగ చిలికే నవ్వు, పులి నవ్వు, టెలిఫోన్ నవ్వు. టెలిఫోన్ నవ్వంటే పిడికిలి చెవికి ఆనించుకుని నవ్వటం. ఆఫీసుల్లో కిందివాళ్ళను జీవితమంతా ఏడిపించిన మనుషులు, నెత్తురుపోటు పెరిగిందని డాక్టరు చెప్పగానే పిడికిలి చెవికి పెట్టుకుని హొహ్హొ అని అరుస్తున్నారు. ఆ అరుపులకు చెట్ల మీది కాకులు లేచిపోయేవి. కాకులకున్న అభిరుచి నాకు నచ్చేది.

నేనెందుకు వెళ్ళానంటే మా అత్తమ్మ కోసం. ఆమె పేరు అక్కయమ్మ. నా భార్య పద్మావతి అంతకు ముందు దీపావళికి పోయింది. అంతకు చాలా ఏళ్ళ ముందు నుంచే, మా మామగారు పోయిన దగ్గర్నుంచి, అత్తమ్మ మాతో బొమ్మనహళ్ళి ఇంట్లోనే ఉండేది. కూతురు పోయాక కూడా ఉండిపోయింది. ఎవరూ ఉండమని చెప్పలేదు, వెళ్ళమనీ చెప్పలేదు. దినవారాలు అయిపోయిన మర్నాడు లేచి చూస్తే కాఫీ ఎప్పటి చోటనే పెట్టి ఉంది. అంతే.

ఇది మా బావమరిది అచ్యుత్‌కి గిట్టలేదు. లేఅవుట్‌లో కొత్తగా ఇల్లు కట్టాడు. కంపెనీలో పెద్ద మేనేజరు. నవ్వుల సంఘానికి కార్యదర్శి కూడా.

"కొడుకుండంగా అల్లుడింట్లో ఏమి అని జనం అడుగుతా ఉండారు బావా," అన్నాడు ఒకరోజు కారు నడుపుతూ. రోజూ పొద్దున మమ్మల్నిద్దర్నీ పార్కుకు వాడే తీసుకెళ్ళేవాడు. "అక్క ఉన్నన్నాళ్ళు సరే. ఇప్పుడు ఏమని చెప్పేది నేను?"

వెనక సీట్లో అత్తమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"నన్నడిగితే నేనేం చెప్పేది?" అన్నాను.

"ఆమె ముఖం చూడు. ఒక నవ్వుందా, ఒక మాటుందా? నీ ఇంట్లో అక్క ఫొటో ముందర కూర్చుని కూర్చుని ఇట్లయిపోయింది. మే నెల దాకా చూస్తా. అంతలోపల మనిషి తేరుకోకపోతే నేను తీసుకుపోతా. బేజారు చేసుకోవద్దు."

బేజారు చేసుకోవద్దని చెప్పి మనిషికి బేజారు కలిగించటం వాడికి చిన్నప్పట్నుంచీ అలవాటు.

పార్కులో ఆడవాళ్ళొక వరస, మగవాళ్ళొక వరస, ఎదురెదురుగా. అత్తమ్మకు ఎదురుగా నన్ను నిలబెట్టేవాళ్ళు, తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే ధైర్యంగా ఉంటుందని. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేలచూపులు చూసేది.

"కొంగు తీయాలమ్మా," అనేవాడు మునినారాయణప్ప ఆమె చుట్టూ తిరుగుతూ. "పళ్ళు కనపడాల. లేకపోతే ఆక్సిజన్ యాణ్ణించి పోతాది లోపలికి?"

ముక్కులోంచి పోతుందని నేను చెప్పలేదు. సంఘంలో ఒక డాక్టరు కూడా ఉన్నాడు. చర్మవ్యాధుల డాక్టరు. వరసలో ఆ చివర్నుంచి అత్తమ్మను చూసి, ఇది డిప్రెషన్, బాగా ముదిరింది, ఇల్లు మారిస్తే మంచిదన్నాడు. ఆమెను ఒక్క మాట అడగలేదు. అచ్యుత్ ఆ మాట పట్టుకున్నాడు.

నా మట్టుకు నాకు మా అత్తమ్మ నవ్వదన్నది పెళ్ళినాడే తెలిసిన సంగతి. కొందరు వక్కాకు వేసుకోరు, కొందరు నవ్వరు. ఎన్నేళ్ళో ఒకే ఇంట్లో ఉన్నా ఆమె నాతో నేరుగా మాట్లాడిందే లేదు. వాళ్ళ వైపు అంతే. అత్త అల్లుడి ఎదుట కూర్చోదు, అల్లుడి ముఖం చూసి మాట్లాడదు. నేను హాల్లోకి వస్తే ఆమె వంటింట్లోకి తప్పుకునేది. పద్మావతి ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరి మధ్య మాటలు ఆమే మోసింది. ఆమె పోయాక ఆ పని ఇంట్లో గిన్నెలు తోమే పాపక్క మీద పడింది.

"సార్, సారులో ఉప్పు తక్కువుండాదా అని అడుగుతా ఉండారు," అనేది పాపక్క చారు గిన్నె పట్టుకుని. అడుగుతున్న మనిషి గడప అవతలే ఉండేది.

"సరిపోయిందని చెప్పు."

"సరిపోయిందంట అమ్మా. అబద్ధం చెప్తా ఉండారు. నేను చూస్తిని, ఉప్పేసుకున్నారు."

కానీ పొద్దున పేపరు మడత మీద నా కళ్ళద్దాలు తుడిచి పెట్టి ఉండేవి. వాన మబ్బు కనిపించిన రోజు గొడుగు చెప్పుల పక్కకు వచ్చి ఉండేది. ఇంట్లో ఒక మనిషి ఉందన్నదానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. చర్మవ్యాధుల డాక్టరుకు కావాలేమో.

ఏప్రిల్ చివర్లో సంఘం వార్షికోత్సవం వచ్చింది. ఏదైనా కొత్తగా చెయ్యాలని కమిటీ కూర్చుంది. మా బావ దగ్గర ఒక మూకీ హాస్య చిత్రముంది, చూపించే యంత్రం కూడా ఉంది అని అచ్యుత్ చెప్పేశాడు. నిజమే. నేను కామర్స్ లెక్చరర్‌గా పనిచేసిన కాలేజీలో ఫిల్మ్ క్లబ్బు బాధ్యత కూడా నాదే. వీడియోలు వచ్చాక ఆ పదహారు మిల్లీమీటర్ల ప్రొజెక్టరు ఎవరికీ అక్కర్లేకపోతే ఇంటికి తెచ్చుకున్నాను. దానితోపాటు ఒకే ఒక్క రీలు. ఒక సన్నపాటి మనిషి కొత్త పరుపు కొనుక్కుని ఇంటికి చేరాలి. కథంతా అంతే, ఇరవై నిమిషాలు. ఆ సినిమాను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. పడటం ఎవరైనా పడతారు. ఆ మనిషి విద్య పడబోయే ముందు ఉంది. కాలు గాల్లో పెడతాడు. కింద నేల లేదని కాలికి తెలిసిపోతుంది, మోకాలికి తెలిసిపోతుంది, నడుముకీ తెలిసిపోతుంది. ముఖానికి మాత్రం ఇంకా కబురు అందదు. ఇంటి అద్దె గురించి ఆలోచిస్తున్నవాడిలా ముందుకు చూస్తూనే ఉంటాడు. అంత కష్టమైన పనిని అంత తేలిగ్గా కనిపించేలా చెయ్యటానికి ఎన్నిసార్లు ఎముకలు విరగ్గొట్టుకున్నాడో.

ముందు రోజు సాయంత్రం మునినారాయణప్ప మా ఇంటికొచ్చి సినిమా ఒకసారి వేయించుకుని చూశాడు. అత్తమ్మ వంటింట్లో తలుపు వెనక ఉండిపోయింది. ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, చెరువు వేలానికి వచ్చినవాడిలా మొదట్నుంచి చివరిదాకా చూశాడు. పెదవి కదపలేదు.

"ఎన్ని తడవలు పడతాడు సార్ మొత్తం?"

"లెక్కపెట్టలేదు."

"అదే కదా ముఖ్యం. పడిందానికల్లా విజిల్ వేస్తా, జనం నవ్వతారు. పులి నవ్వు పెడదామా, మజ్జిగ నవ్వు పెడదామా?"

"మధ్యలో ఆ మనిషి పరుపును ట్రాములోకి ఎక్కించే చోటు చూశారా? కండక్టరు పరుపుకు కూడా టికెట్టు..."

"ఆ పరుపు కథ వద్దు సార్. పడేది చాలు మాకు."

మర్నాడు పొద్దున ఫలహారాలయ్యాక కమ్యూనిటీ హాల్లో కిటికీలకు నల్లకాగితాలు అంటించి చీకటి చేశారు. ఆడవాళ్ళు ముందు కుర్చీల్లో, మగవాళ్ళు వాళ్ళ వెనక. నేను అందరికంటే వెనక, తలుపు పక్కన, యంత్రం దగ్గర. మునినారాయణప్ప తెర పక్కన స్టూలు మీద విజిల్ నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ముందుగా ఒక ఉపన్యాసం. హాస్యం వల్ల ఏ ఏ గ్రంథులు స్రవిస్తాయో చెప్పాడు. జనం శ్రద్ధగా విన్నారు. కొందరు రాసుకున్నారు కూడా.

సినిమా మొదలైంది. సన్నపాటి మనిషి పరుపును చుట్టి తాడు కట్టి కొట్లోంచి ఇరుకు మెట్లమీద రోడ్డుకు ఎక్కించబోయాడు. పరుపు ఇరుక్కుంది. కిందనుంచి తోశాడు. కదల్లేదు. టోపీ సర్దుకుని, పక్కింట్లోంచి వెళ్ళి, వాళ్ళ వంటింట్లో వాళ్ళకు నమస్కారం పెట్టి, కిటికీలోంచి దిగి, పైనుంచి లాగాడు. వచ్చింది. పరుపూ వాడూ కలిసి మెట్లన్నీ దిగారు.

విజిల్.

"హొ హొ హ హ హ," అన్నారు హాల్లో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో, చేతులు పైకెత్తి. ఆ చేతుల నీడలు తెర మీద పడ్డాయి. వాడు లేచి ఏం చేశాడో ఎవరికీ కనపడలేదు. రెండో విజిల్. చేతులు దిగాయి. ముఖాలు బ్యాంకులో టోకెను పిలుపు కోసం కూర్చున్న ముఖాల్లా అయిపోయాయి.

ట్రాములో పరుపు విచ్చుకుని జనాన్నంతా కప్పేసింది. అది ఎంత నెమ్మదిగా విచ్చుకుంటుందంటే, మొదట ఒక ముసలాయన పేపరు మీద మూల ఒరుగుతుంది, ఆయన దాన్ని పేజీ అనుకుని తిప్పుతాడు. అక్కడ విజిల్ లేదు, ఎవరూ పడలేదు గనక. హాలంతా నిశ్శబ్దం. నాకు యంత్రం ఆపేసి రీలు చంకన పెట్టుకుని బొమ్మనహళ్ళి నడిచి వెళ్ళిపోవాలనిపించింది.

ఆ తరువాత వాడు ఇంటి తాళంచెవి పోగొట్టుకుని గోడెక్కి, మేడమీదికి చేరి, అక్కడి తలుపు కూడా వేసి ఉంటే, దూకటానికి వీలుగా పరుపును ముందు కిందికి పారేస్తాడు. కళ్ళు మూసుకుని దూకేలోగా చెత్తబండివాళ్ళు పరుపును ఎత్తుకుపోతారు. పడ్డాడు. విజిల్. హొ హొ హ హ హ. బండి వెనక పరిగెత్తి పరుపు లాక్కుని మళ్ళీ ఎక్కాడు. ఈసారి దాన్ని కౌగిలించుకునే దూకాడు. పరుపు పైన, వాడు కింద. విజిల్. పులి నవ్వు. రెండో విజిల్.

ఇక పడటాలు లేవు. మునినారాయణప్ప విజిల్ జేబులో పెట్టుకున్నాడు. తెరమీద ఆ మనిషి లేచాడు. చొక్కా పేలికలైంది, ఒంటినిండా దుమ్ము. తన వంక చూసుకున్నాడు. పరుపు వంక చూశాడు. వంగి, అరచేత్తో పరుపును దులిపాడు. ఒక మరక కనిపిస్తే ఉమ్మితో తుడిచాడు. మూల నలిగితే నిమిరి సరిచేశాడు. తనను మాత్రం దులుపుకోలేదు.

అప్పుడు ముందు వరసలో ఎవరో నవ్వారు.

ఒక్కరే. ఆపుకోలేని నవ్వు. మధ్యలో ఊపిరందక సన్నగా ఒక కీచు, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకా పెద్దగా. ఆ నవ్వు నాకు తెలుసు. పద్మావతి అలాగే నవ్వేది. నా చెయ్యి యంత్రం మీద ఉండిపోయింది.

"ఎవురమ్మా అది? విజిల్ ఇంకా కొట్టలేదు," అంది చీకట్లో ఒకావిడ.

"సుమ్నుండండమ్మా," అని ఆమెను ఊరుకోబెట్టింది ఇంకొకావిడ.

లైట్లు వేశారు. అత్తమ్మ తల వంచుకుని కళ్ళు తుడుచుకుంటోంది. వెనక్కి తిరిగి చూసింది. నేను కనపడ్డాను. కొంగు నోటికెళ్ళింది. ముఖం ఎప్పటి ముఖమే.

ఆ తరువాత జరిగింది చెప్పటానికి నాకిప్పటికీ రోత. ఆమెను స్టేజి ఎక్కించారు. మూడు వారాల చికిత్స ఫలించిందన్నాడు మునినారాయణప్ప. ఇది నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానని చర్మవ్యాధుల డాక్టరు లేచి చెప్పాడు. అచ్యుత్ మైకు ముందు ధన్యవాదాలు చెప్పాడు. ఒకరు దండ వేశారు, దండ అత్తమ్మకు కాదు, మునినారాయణప్పకు. సినిమాలో వాడెవడో, వాడికి ఒక చప్పట కూడా పడలేదు.

కార్లో అచ్యుత్ ఉత్సాహంగా ఉన్నాడు.

"చూసినావా బావా? మా సంఘం పవరు. ఇంక ఆలస్యం వద్దు. పార్కు మా ఇంటికి రెండడుగులు, రోజూ పోవచ్చు. అమ్మా, వచ్చే ఆదివారం కారు తెస్తా, నీ గుడ్డలు సర్దిపెట్టుకో."

నవ్వకపోతే తీసుకెళతానన్నవాడు, నవ్వింది గనక తీసుకెళతానంటున్నాడు. హోసూరు రోడ్డు సిగ్నలు దగ్గర కారు ఆగాక అత్తమ్మ అడిగింది.

"అచ్యుతా, ఆ బొమ్మ తిరిగే పెట్టి ఎవురిది?"

"బావది."

"యాడ ఉంటాది?"

"బావింట్లోనే. అటక మీద. ఎందుకమ్మా?"

"అట్లయితే నేనూ ఆడే ఉంటా."

"సినిమా కోసరమా?" అచ్యుత్ వెనక్కి తిరిగిపోయాడు. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టారు. "నేను టీవీ కొనిస్తానమ్మా. కలరుది."

"నువ్వు విజిలేస్తే నవ్వేదానికి నాకు రాదప్పా," అంది ఆమె.

అచ్యుత్ దాన్ని ముసలితనం కింద జమకట్టాడు. దిగేటప్పుడు ఆదివారం అని మళ్ళీ గుర్తుచేశాడు.

సోమవారం మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి హాల్లో సినిమా వేశాను. పాపక్క తెరముందు నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుంది. అత్తమ్మ వంటింటి గడప మీద, గోడవైపు ఒరిగి. పాపక్క పడి పడి నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. పరుపు దులిపే చోటొచ్చినా నవ్వలేదు. నేను యంత్రం పక్కన నిలబడి ఆమె వైపు ఓరగా చూస్తున్నాను. నిన్న హాల్లో విన్నది నా భ్రమా అనిపించింది.

మర్నాడు మళ్ళీ వేశాను. మధ్యలో వీధిలోంచి పోస్ట్‌మన్ పిలిచాడు. యంత్రాన్ని దాని పాటికి వదిలి బయటికెళ్ళి, సంతకం పెట్టి, ఆయనకు మంచినీళ్ళిచ్చి తిరిగొస్తుంటే లోపల్నుంచి ఆ నవ్వు. కీచు, మళ్ళీ మొదలు. నేను వరండాలో ఒకడుగు వేశాను. చెప్పుల చప్పుడుకు నవ్వు కొళాయి కట్టేసినట్టు ఆగిపోయింది.

తలుపు దగ్గరికి వెళ్ళేసరికి ఆమె గడప మీద లేదు, తలుపు వెనక్కి తప్పుకుంది.

"అయ్యో, వచ్చేస్తిరా సార్," అంది పాపక్క. "ఇంకొంచెం సేపు ఆయప్పతో మాట్లాడుకోని ఉండాల్సింది. అమ్మ ఇప్పుడే కదా జోరు మీదుండేది. మీరుంటే యాడ నవ్వతారు?"

పార్కులో ఆ వరసలు, ఆమెకెదురుగా నేను, కొంగు తీయమ్మా అని చుట్టూ తిరిగే మునినారాయణప్ప, ఇల్లు మార్చమన్న డాక్టరు. అల్లుడి ముఖం ముందు నోరు తెరిచి నవ్వమని ఒక పెద్దావిడను పద్ధతి ప్రకారం, రోజూ, ఎండెక్కేదాకా నిలబెట్టారు. ఆ ఆచారంలోనే పుట్టి పెరిగిన ఆమె కొడుక్కి కూడా తట్టలేదు.

"పాపక్కా," అన్నాను, "నాకు బయట పనుంది. రీలైపోతే పిలువు."

నాకు పనేమీ లేదు. వరండా మెట్ల మీద కూర్చున్నాను. ఎండ మెట్టు సగం దాకా వచ్చింది. కాసేపు లోపల యంత్రం చప్పుడు తప్ప ఏమీ లేదు. నేను నిజంగా వెళ్ళానో లేదో చూస్తున్నట్టుంది. తరువాత మొదలైంది. వింటూ ఉంటే సినిమా ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలిసిపోతోంది. పాపక్క అతను పడ్డప్పుడు నవ్వుతుంది. అత్తమ్మ అతను పడకముందు నవ్వుతుంది. కాలికి తెలిసి ముఖానికి తెలియని ఆ క్షణంలో. ఫిల్మ్ క్లబ్బులో ఎన్నేళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పానో, ఆ చోటును పట్టుకున్నవాళ్ళు ఒకరో ఇద్దరో.

బుధ, గురు, శుక్ర, శనివారాలూ అంతే. నేను రీలెక్కించి, యంత్రం లైటు వేసి, చెప్పులు గట్టిగా చప్పుడు చేస్తూ బయటికెళ్ళేవాణ్ణి.

ఆదివారం మధ్యాహ్నం అచ్యుత్ కారు గేటు ముందు ఆగింది. సీట్లకు కొత్త గుడ్డ కవర్లు. వాడు గేటు తీస్తుంటే లోపల్నుంచి నవ్వు వినపడింది. ఆగిపోయాడు.

"ఎవురు బావా లోపల?"

"మీ అమ్మ."

వాడు గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇంకోసారి వినపడింది.

"అక్క మాదిరే..." అన్నాడు. వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు, ఇస్త్రీ ప్యాంటు నలుగుతుందని కూడా చూసుకోకుండా. "నువ్వేంది ఎండలో కూర్చోనుండావు? సినిమా నీదే కదా. లోపలికి పోకూడదా?"

"నువ్వు పోవచ్చు. నేనే పోకూడదు."

"ఎందుకు?"

"అల్లుణ్ణి కదప్పా."

వాడు నా ముఖం చూశాడు. వాడి ముఖంలో ఒకటొకటిగా జరుగుతున్నది నాకు కనిపించింది. పార్కు, వరసలు, రోజూ తనే కారులో తెచ్చి ఎదురెదురుగా నిలబెట్టటం. చెవుల దాకా ఎర్రబడ్డాడు. నేను వాడివైపు చూడకుండా రోడ్డు మీద కొబ్బరిబొండాల బండిని చూశాను. ఆ మాత్రం మర్యాద చెయ్యటం పెద్ద కష్టం కాదు.

"మా నాయనమ్మ గూడా అంతే," అన్నాడు మెల్లగా. "అల్లుళ్ళు వస్తే కొట్టంలోకి పోయి నవ్వేది. గడ్డివాము వెనక. నేను మరిచేపోయినా."

లేచాడు. చెప్పులు విప్పి లోపలికెళ్ళాడు. అమ్మా అన్నాడు. రారప్పా, కూర్చో, వాడు ఇప్పుడు మేడెక్కుతా ఉండాడు చూడు అంది ఆమె. యంత్రం తిరుగుతున్న చప్పుడు. తరువాత మూడు గొంతులు కలిశాయి, పాపక్కది, ఆమెది, వాడిది. వాడి నవ్వు కొంచెం బెరుకుగా, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియకుండా ఉంది.

రీలైపోయాక వాడొక్కడే బయటికొచ్చాడు. చేతిలో గుడ్డల సంచి లేదు.

"ఈ బొమ్మ ఒకటేనా, ఇంకేమన్నా దొరకతాయా అని అడగమనింది అమ్మ," అన్నాడు. "నిన్ను."

"వచ్చే ఆదివారం పాతసామాన్ల బజార్లో చూస్తానని చెప్పు," అన్నాను.

వాడు తలుపు దగ్గరికెళ్ళి, తల లోపలికి పెట్టి, చూస్తారంటమ్మా అని చెప్పాడు.